మొదటి ‘వద్దు’

మా గోదావరి వైపు ఒక పద్ధతుంది. ఎవరైనా ఏదైనా ఇస్తానంటే మొదటిసారి వద్దండి అనాలి. వాళ్లు మళ్లీ అడగాలి. అప్పుడు, సరే మీ ఇష్టం అని తీసుకోవాలి. కాఫీకైనా అంతే, భోజనానికైనా అంతే. మొదటి ‘వద్దు’ని నిజమని నమ్మేసే మనిషి మా ఊళ్లలో ఉండరనుకునేదాన్ని. ఉన్నారు. మా నడక బృందానికి ఆయనే పెద్ద.

ఏలూరులో పొద్దున్నే కలిసి నడిచేవాళ్లం పదిహేను మందిమి. ఏటా శివరాత్రి వెళ్లాక, ఎండలు ముదరక ముందే ఓ ఆదివారం వ్యాను మాట్లాడుకుని బుట్టాయగూడెం అవతల కొండల్లోకి వెళ్తారు మావాళ్లు. పొద్దున ఎక్కి మధ్యాహ్నానికి దిగిపోవడమే. పైనుంచి చూస్తే అడవంతా మోదుగపూలతో ఎర్రగా ఉంటుందని అందరూ చెప్పేవారు. నేను పుట్టి పెరిగింది పెదపాడు. మా వైపు ఎత్తంటే చేపల చెరువు గట్టే. యాభై దాటినా కొండెక్కి కిందకి చూసిన పాపాన పోలేదు. పోయినేడు ఆ సరదా తీర్చుకుందామని కొత్త బూట్లు కొనుక్కుని, అందరికీ పులిహోర కలుపుకుని బయల్దేరాను.

కొండ మొదట్లో ఆ పెద్దాయన నా దగ్గరికొచ్చారు. రిటైరైన లెక్చరరు. సొంతూరు గుండుగొలను, కాబట్టి మా పద్ధతి తెలియని పరాయి మనిషేం కాదు.

“మీరు కూడా వస్తారా అండీ?” అన్నారు.

“ఎందుకులెండి, నావల్ల మీకు ఆలస్యం. మీరు వెళ్లి రండి.”

“అలాగేనండీ. అయితే సామాన్లు కాస్త చూస్తూ ఉండండి.”

అంతే. ఆయన నడిచారు, మిగతావాళ్లంతా ఆయన వెనకే నడిచారు. నాలుగు గంటలు కొత్త బూట్లు వేసుకుని క్యారియర్ల దగ్గర కూర్చుని కోతుల్ని తోలాను. దిగొచ్చాక ఆయన ఫోన్లో ఫొటోలు ఒక్కొక్కటే చూపిస్తూ, “చాలా మిస్సయ్యారండీ” అన్నారు. ఇంటికెళ్లి మా ఆయనతో చెప్పుకుంటే, “నువ్వే కదా రానన్నావు” అన్నారు. కడుపు మండిపోయింది. ఈ అన్యాయం ఎవరితో చెప్పినా తప్పు నాదే అవుతుంది. మొహమాటానికి పోతే ఏమవుతుందో మనకో సామెత ఉంది. నలుగురిలో అనేది కాదు గానీ, నిజమే.

ఏడాదంతా పగ పెంచుకున్నాను. ఆఫీసులో లిఫ్టు మానేసి మెట్లెక్కాను. మెట్టు మెట్టుకీ ఆయన మొహం తలుచుకుంటే కాలు భలే పడేది. పుట్టింటికి వెళ్లినప్పుడల్లా చెరువు గట్లమీద అటూ ఇటూ విసవిసా తిరిగేదాన్ని. చేపలకి మేత వేసేవాళ్లు, “ఏవండీ, ఏమైనా పారేసుకున్నారా?” అని అడిగేవారు.

ఈ ఏడు ఎవరి పిలుపు కోసమూ ఆగలేదు. వ్యాను దిగిందే తడవు నడవడం మొదలుపెట్టాను. సగం దూరం ఎక్కాక ఆయనకి మోకాలు పట్టేసి, ఓ బండమీద కూలబడ్డారు. అది చూసి నేనాగాను. మిగతావాళ్లు అప్పటికే మలుపు తిరిగిపోయారు. మేమిద్దరమే మిగిలాం. నేను సంచిలోంచి మజ్జిగ సీసా తీశాను. అల్లం, కరివేపాకు వేసిన చిక్కటి మజ్జిగ.

“కాస్త మజ్జిగ తాగుతారా అండీ?”

“వద్దులెండి, పర్వాలేదు.”

మూత బిగించి సీసా సంచిలో పెట్టేశాను. ఆయన చెయ్యి సగం లేచి ఆగిపోయింది. ఆ చెయ్యి చూడ్డానికి ఇంకో ఏడాది మెట్లెక్కమన్నా ఎక్కుతాను.

“నేనిక్కడ కూర్చుంటానండీ. నావల్ల మీకు ఆలస్యం. మీరు వెళ్లి రండి,” అని నావైపే చూశారు.

కాసేపు ఆగి నెమ్మదిగా వెళ్దాం లెండి, అనాలి నేను. అలవాటు కదా, ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

“అలాగేనండీ. ఈ సంచి కాస్త చూస్తూ ఉండండి,” అని ఆయన పక్కనే పెట్టాను. ఆయన దగ్గర నీళ్లున్నాయి, నేను మరీ అంత పాపిష్టిదాన్ని కాను. మజ్జిగ మాత్రం పక్కనే ఉన్నా అడక్కుండా ముట్టుకోరని తెలుసు.

పైన మోదుగపూలు అందరూ చెప్పినట్టే ఉన్నాయి. కింద బండమీద కూర్చున్న మనిషిని తలుచుకుంటే ఇంకాస్త ఎర్రగా కనిపించాయి. ఆయనకి చూపించడానికే బోలెడు ఫొటోలు తీసి, అందరికంటే ముందు దిగాను.

ఆయన అక్కడే ఉన్నారు. ఫొటోలు ఒక్కొక్కటే చూపించాను. అన్నీ ఓపిగ్గా చూశారు. అప్పుడు మజ్జిగ కావాలా అని అడిగితే, మొదటి మాటకే చెయ్యి చాచారు. రెండు గుక్కలు తాగి తల దించుకున్నారు.

“పోయినేడు మిమ్మల్ని ఇంకోసారి అడగాల్సిందండీ. ఇందాక మీరు వెళ్లాక తెలిసింది. తప్పయిపోయింది,” అన్నారు.

ఏడాదిగా ఎదురుచూసిన మాట. కానీ నోరు మా ఊరి నోరే కదా.

“అయ్యో, అంత మాటెందుకండీ. నాకసలు గుర్తే లేదు,” అనేశాను.

అని ఆగాను. ఆయన ఇంకోసారి అంటే చాలు, అవునండీ, చాలా బాధపడ్డాను అని చెప్పేసి, కోపమంతా ఆ బండమీదే దించేసుకుందామనుకున్నాను.

“అమ్మయ్య, గుర్తు లేదాండీ,” అని ఆయన తేలిగ్గా నవ్వారు. సీసా ఖాళీ చేసి నా చేతికిచ్చి, మోకాలు పట్టుకుని కిందకి దిగడం మొదలుపెట్టారు.