తెల్ల రోలు మీద కుంకుమ

మొన్న ఒక హోటల్లో భోజనం ముగించి చేతులు కడుక్కొచ్చేసరికి, సర్వర్ మడత పెట్టిన తెల్ల నాప్‌కిన్ తెచ్చి పెట్టాడు. ముట్టుకోగానే వేళ్ళకు తెలిసిపోయింది. కాగితం గరుకు లేదు, గుడ్డ బరువు లేదు. తడి చేతులతోనే దాన్ని విప్పి కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టాను. మా ఆయన తల పట్టుకున్నాడు. "మళ్ళీ మొదలెట్టావా? నలుగురూ చూస్తున్నారు" అన్నాడు. చూడనీ. పీచు ఎక్కడ చిక్కగా పడిందో, ఎక్కడ పలచబడిందో చూడకుండా అలాంటి బట్టతో మూతి తుడుచుకోవడం నా వల్ల కాదు. ఈ జబ్బు నాకు అంటించినవాడు దామోదరం మేస్త్రీ. ఆయన పోయి చాలా ఏళ్ళయింది.

మద్రాసు పేరు చెన్నైగా మారిన కొత్తలో ఊరికి ఉత్తరాన మనలిలో ఒక చిన్న ఫ్యాక్టరీలో చేరాను. చేతిలో మెకానికల్ డిప్లొమా, ఒంటి నిండా ఇరవై రెండేళ్ళ పొగరు. మా నాన్న కోడంబాక్కం స్టూడియోల్లో సెట్లు కట్టే వడ్రంగి. ఒంగోలు నుంచి మమ్మల్ని తీసుకొచ్చి అక్కడే కాపురం పెట్టాడు. పొద్దున్నే రైలెక్కి, బీచ్ స్టేషన్లో దిగి, కిక్కిరిసిన బస్సులో మనలి చేరేసరికే సగం ఓపిక అయిపోయేది. ఆ ఫ్యాక్టరీలో మిషన్ దగ్గర పనికి పెట్టుకున్న మొదటి ఆడపిల్లను నేనే. యజమానిని అందరూ ముదలాళి అనేవారు. ఆయన నన్ను ఇష్టంగా తీసుకోలేదు, మా నాన్నకు తెలిసిన ఒక పెద్దమనిషి మాట కాదనలేక తీసుకున్నాడు. నేను తప్పు చేస్తే నా తర్వాత ఇంకో ఆడపిల్లకు ఆ గేటు తెరుచుకోదని చేరిన రోజే అర్థమైంది.

అక్కడ తయారయ్యేది నేత లేని బట్ట. మగ్గం లేదు, దారం లేదు, నీళ్ళు కూడా లేవు. గట్టి అట్టల్లా వచ్చే చెక్కగుజ్జును ఒక మిల్లు సుత్తులతో చితక్కొట్టి దూదిలా విడదీసేది. ఆ పీచును గాలి గొట్టాల వెంట తీసుకెళ్ళి, సన్నటి చిల్లులున్న పెద్ద డ్రమ్ములోంచి కిందికి రాల్చేది. కింద జల్లెడలాంటి పట్టా నడుస్తూ ఉండేది. దాని అడుగునుంచి ఒక ఫ్యాను గాలిని కిందికి పీల్చేది. రాలిన పీచంతా ఆ పట్టా మీద సమంగా పరుచుకునేది. పైన జిగురు చిలకరించి, వేడి పెట్టెలో ఆరబెట్టి, రోలుగా చుట్టేవాళ్ళు. మొదటిసారి చూసినప్పుడు, గాలి ఇంత బుద్ధిగా పని చేస్తుందా అని నోరు తెరిచాను. మా రోళ్ళను ఇంకొకళ్ళు కొని, కత్తిరించి, కాన్పుల ఆసుపత్రులకు ప్యాడ్లు చేసి పంపేవాళ్ళు.

దామోదరం మేస్త్రీకి అప్పటికి యాభై దాటాయి. వాషర్‌మెన్‌పేటలో పుట్టి పెరిగిన మనిషి. ఆయన తాతల తాతలు ఏనాడో ఇటు వచ్చారట, ఎక్కణ్ణించో ఆయనకే తెలియదు. నేను "మేస్త్రీగారూ" అని పిలిచిన మొదటి రోజు పకపకా నవ్వాడు. "ఏం పాపా, నీ తెలుగు సినిమా మాదిరి ఉందే! ఈడ గారూ గీరూ ఏం వద్దు" అన్నాడు. గంటకోసారి బట్ట ముక్క కోసి, కిటికీ దగ్గర ఎత్తి పట్టి, నన్ను పిలిచేవాడు. "చూడు, ఆడ మబ్బు మాదిరి తెలుస్తా ఉందా? ఆడ పీచు ఉండ కట్టింది." అంతవరకే. ఆ ఉండ ఎందుకు కట్టింది, డ్రమ్ములో ఏం జరిగింది అని అడిగితే, "సరి సరి, పోయి రికార్డు రాయి" అనేవాడు. డ్రమ్ము దగ్గరికి నన్ను రానిచ్చేవాడు కాదు. ముసలాడికి విద్య దాచుకునే గుణం ఉందని లోపల్లోపల తిట్టుకునేదాన్ని.

ఆ ఏడు ఆయుధపూజ వచ్చింది. ఫ్యాక్టరీ అంతా కడిగి, అరటి పిలకలు కట్టి, మరమరాలూ శనగలూ పంచారు. మేస్త్రీ మాత్రం పూజ చాలా పొదుపుగా చేశాడు. కరెంటు పెట్టె మీద మూడు చందనపు బొట్లు, రోలు చుట్టేచోట ఒక పూలదండ, అంతే. కుంకుమ పళ్ళెం గుమ్మం దాటి లోపలికి రాలేదు. బయట గుమ్మడికాయ కొట్టేశారు, అందరూ ఇళ్ళకు బయలుదేరారు. నాకేమో మనసొప్పలేదు. మా అమ్మ గ్యాస్ స్టవ్‌కు కూడా బొట్టు పెట్టనిదే పండగ అయినట్టు ఒప్పుకోదు. ఇంత పని చేసే డ్రమ్ముకు బొట్టు లేకపోవడమేమిటి? గుమ్మం దగ్గర మిగిలిన కుంకుమ తీసుకుని నిచ్చెన ఎక్కాను. డ్రమ్మును మూసి ఉంచే పెట్టె చుట్టూ వరసగా బొట్లు పెట్టాను. గాలి లోపలికి వెళ్ళే నోటి దగ్గర ఒక గుప్పెడు చల్లి, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకున్నాను. ఇంటికి చాలా తృప్తిగా వెళ్ళాను.

మర్నాడు పొద్దున మిషన్ వేశారు. గాలి నా భక్తిని చిటికెడు కూడా వదలకుండా పీల్చుకుంది. మేస్త్రీ ముక్క కోసి వెలుతురుకు పట్టాడు. తెల్లటి బట్టలో అక్కడక్కడా ఆవగింజంత ఎర్ర చుక్కలు. వేలు తడి చేసి ఒక చుక్క మీద అద్దాడు. ఎరుపు పాకింది. ఆయన వెంటనే మిషన్ ఆపేశాడు. చెప్పాలి అనుకుంటూనే ముదలాళి వచ్చేదాకా నోరు విప్పలేదు. సిగ్గు లేకుండా ఒప్పుకుంటున్నాను, అసలు చెప్పకుండా గడిచిపోతుందేమోననే ఆశ కూడా కలిగింది.

ముదలాళి వచ్చి బట్ట చూశాడు. "చిన్న చుక్కలే గదా. ఎక్కువ తెలిసేవి కోసేసి మిగతాది పంపు" అన్నాడు.

"అది కాన్పయిన తల్లి కింద పెట్టేది ముదలాళీ" అన్నాడు మేస్త్రీ మెల్లగా. "నర్సమ్మ దాని మీది నెత్తురు ఎరుపు చూసే గదా, తల్లికి బాగుందా లేదా చెప్పేది. మనం వేసిన ఎరుపు చూసి ఆయమ్మ ఏమనుకోవాల?"

ముదలాళి కోపమంతా ఇంకోవైపు తిరిగింది. మూల చీపురు పట్టుకుని నిలబడిన మునియమ్మ నుదుటి మీద రూపాయంత బొట్టు ఆయన కంటబడింది. "ఇది ఆమె పనే. లోపల ఊడ్చేది ఆమే గదా. పంపించెయ్" అన్నాడు. మునియమ్మకు ఏం జరిగిందో కూడా తెలియదు, చీపురు కింద పెట్టేసి ఏడవడం మొదలుపెట్టింది.

"నేనండీ. నేనే పెట్టాను" అన్నాను. నా గొంతు నాకే వినిపించలేదు. రెండోసారి గట్టిగా చెప్పాను.

"ఆడపిల్లను మిషన్ కాడ పెట్టద్దని అందురూ చెప్పినారు, నేనే వినలా" అన్నాడు ముదలాళి. "ఇంటికి పోమ్మా."

మేస్త్రీ మా ఇద్దరి మధ్యకు వచ్చి నిలబడ్డాడు. "మిషనంతా విప్పి శుభ్రం చేయాల, మూడు దినాలు పడుతుంది. వేసిన ఆమే తీయనీ. పోయేది అప్పురం, పని అయినాక పోనీ" అన్నాడు.

ఆ మూడు రోజులూ నా చదువంతటికంటే ఎక్కువ. డ్రమ్ము ఊడదీసి, చిల్లుచిల్లుకూ బ్రష్షు పెట్టి దులిపాం. పట్టా విప్పి పరిచి, ఇద్దరం చెరోవైపు మోకాళ్ళ మీద కూర్చుని తుడిచాం. అడిగినా చెప్పని మనిషి అడక్కుండానే చెప్పుకుపోయాడు. ఎండాకాలం పొడిగాలికి పీచు ఎందుకు డ్రమ్ముకు అంటుకుంటుందో, వానాకాలం తేమకు ఎందుకు ఉండ కడుతుందో అన్నీ చెప్పాడు. మధ్యాహ్నం తన క్యారియర్‌లో పెరుగన్నం సగం నా మూతలో పెట్టి, "తిను పాపా, పొద్దున నుంచి ఏమీ తినలా" అన్నాడు. మూడో రోజు సాయంత్రం తెల్లటి బట్ట వచ్చింది. ముదలాళి చూశాడు, పొమ్మని మళ్ళీ అనలేదు. నేను అక్కడ తొమ్మిదేళ్ళు పనిచేశాను. ఆ మనిషి మీద నాకున్న ప్రేమ మా నాన్న మీద ప్రేమకు తక్కువ కాదు.

ఆయన పని మానేశాక ఊపిరి జబ్బు పట్టుకుంది. వాషర్‌మెన్‌పేటలోని ఇంటికి ఒక ఆదివారం చూడ్డానికి వెళ్ళాను. దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. కాసేపు ఫ్యాక్టరీ సంగతులు మాట్లాడాక, ఉన్నట్టుండి, "పాపా, కుంకం ఆడ పెట్టగూడదని నాకు తెలుసు" అన్నాడు. "మిషన్ వచ్చిన మొదటేడు మేమే పెట్టి ఒక రోలు పాడు చేసినాం."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"ఆరు మాసాల్లో పెండ్లి చేసుకుని పోయే పిల్ల, దీనికెందుకు చెప్పేదని అనుకున్నా. ఏదీ చెప్పలా. ఆ దినం నువ్వు ముదలాళి ముందర నిలబడి నీ తప్పు చెప్పుకున్నావు. నేను పక్కనే నిలబడి నా తప్పు మింగేసినా."

నాకు కోపం రాలేదంటే అబద్ధం. ఆ పొద్దుటి భయం, మునియమ్మ ఏడుపు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. లేచి వెళ్ళిపోదామనుకున్నాను. ఆయన దగ్గుతో వంగిపోయాడు. వెళ్ళలేక వీపు నిమిరాను. ఊపిరి కుదుటపడ్డాక నా మణికట్టు పట్టుకుని, "కొత్తోళ్ళకు చెప్పేటప్పుడు, నేను చెప్పలేదని గూడా చెప్పు" అన్నాడు.

ఇప్పుడు ఇలాంటి బట్టే చేసే ఇంకో ఫ్యాక్టరీలో నా చేతి కింద నలభై మంది పనిచేస్తున్నారు. ఎవరు చేరినా మొదటి రోజే డ్రమ్ము మూత తెరిచి, నాకు తెలిసిందంతా చెప్తాను. ఉంటారో, నెలకే వెళ్ళిపోతారో చూడను. నేను కుంకుమ చల్లిన సంగతి చెప్తాను, వాళ్ళు నవ్వుతారు. తర్వాత దామోదరం మేస్త్రీ నాకు చెప్పలేదన్న సంగతి కూడా చెప్తాను. అప్పుడు నవ్వరు.