తోడల్లుడి పడవకు నేను చేసిన పిన్ను

మా తోడల్లుడంటే నాకు అసూయ. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఒప్పుకున్నాక కూడా అది తగ్గలేదు కాబట్టి, ఒప్పుకుంటే మనసు తేలికపడుతుందని చెప్పేవాళ్లను నేను నమ్మను.

అరవయ్యో దశకం మొదట్లో ఇద్దరం భిలాయి ఉక్కు కర్మాగారంలో పనిచేసేవాళ్లం. నేను మెషిన్ షాపులో లేతు మీద పనిచేసే టర్నర్ని, అతను స్టోర్సులో. మావయ్య పెద్ద కూతుర్ని నేను, చిన్న కూతుర్ని అతను చేసుకున్నాం. మా మావయ్య భీమిలి దగ్గర సముద్రంలో వేట చేసినవాడు. అత్తయ్య పోయాక, కొడుకులు లేరు కనుక, మా దగ్గరికే వచ్చేశాడు. ఒక నెల మా క్వార్టరులో, ఒక నెల వాళ్ల క్వార్టరులో. వచ్చిన కొత్తలో కుళాయి తిప్పి, నీటి ధార కింద చెయ్యి పెట్టుకుని అలా కూర్చునేవాడు.

"ఏటి మావయ్యా?" అంటే, "ఏటీ లేదు అల్లుడూ. ఈ ఊరి గాలికి ఉప్పు లేదు. నీల మీదికెల్లి రెండేళ్లయిపోనాది" అనేవాడు.

ఆయన్ని మళ్లీ నీళ్ల మీదికి తీసుకెళ్లేది నేనే కావాలని ఆరోజే అనుకున్నాను. ఉన్నది ఇద్దరు అల్లుళ్లం. 'మా అల్లుడు' అని ఆయన ఒక్క మాట అంటే అది నన్నే కావాలి. నా కోరిక అంతే, అంతకు మించి ఏమీ లేదు.

ఊరికి దగ్గరగా మరోదా ట్యాంకు అనే పెద్ద చెరువు ఉంది. ఆదివారాలు రష్యా నిపుణులు అక్కడ గాలాలు వేసుకుని కూర్చునేవారు. వాళ్లలో ఒకాయన మా షాపులో మూడేళ్లు నా పక్కనే పనిచేశాడు. ఆయన దగ్గర పడవ వెనక తగిలించే ఇంజిను ఒకటి ఉండేది. ఆయన దాన్ని విప్పుతుంటే చూసి, ఒక నోటు పుస్తకం మొదలుపెట్టాను. ఒక పేజీలో పైకప్పు లేని పడవ, ఇంకో పేజీలో ముందు చిన్న గది ఉన్న పడవ. గది ఉంటే ఎండా వానా తగలవు, కానీ గాలి పట్టి పడవ పక్కకు ఈడుస్తుంది, ట్రాలీ మీద లాగడానికి బరువెక్కువ. రష్యా ఇంజినుది పది గుర్రాల బలం, మోత ఎక్కువ, పెట్రోలు విపరీతంగా తాగుతుంది. కలకత్తా నుంచి తెప్పించుకున్న కేటలాగులో ఇంగ్లండు ఇంజిను అందులో సగమే, కానీ ఒక చేత్తో ఎత్తొచ్చు, సామాను ఈ దేశంలోనే దొరుకుతుంది. ఇలా ఏడాదిన్నర పోల్చాను. పుస్తకం నిండిపోయింది. పడవ మాత్రం ఒక్క చెక్క ముక్క దగ్గరికి కూడా రాలేదు.

ఒక సాయంత్రం మా తోడల్లుడు ఆ పుస్తకం చూశాడు. "అన్నయ్యా, ఓపాలి చూసీసి ఇచ్చీస్తాను" అని పట్టుకెళ్లాడు. రెండు నెలల తర్వాత అతని క్వార్టరు వెనక నా పడవ నిలబడి ఉంది. రష్యా నుంచి యంత్రాలు వచ్చిన పెట్టెల చెక్క వేలంలో కొని, క్యాంప్ 2 బస్తీ నుంచి ఒక వడ్రంగిని పిలిపించి, నా గీతల ప్రకారమే కట్టించాడు. ముందు గది కూడా పెట్టించాడు, మూడు పక్కలా అద్దాలతో. కింద పాత జీపు ఇరుసుతో రెండు చక్రాల ట్రాలీ. నన్ను చూసి చంటిపిల్లాడిలా నవ్వాడు.

"నీ బొమ్మే అన్నయ్యా. మావయ్యకి ఎండ తగలకుండా గది నానే ఎట్టించినాను."

మావయ్య అప్పటికే ఆ గదిలో కూర్చుని ఉన్నాడు, నేల మీద, ట్రాలీ పైన, నీళ్లు లేకుండానే. అద్దంలోంచి నన్ను చూసి చెయ్యి ఊపాడు. నా కడుపు భగ్గున మండింది. "గది గాలి పట్టేస్తాది" అన్నాను. ఎవరూ వినలేదు. ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకుంటే, మా ఆవిడ "ఆడు కట్టినాడు, మీరు గీసినారు. గీస్తే తేలతాదేటి?" అంది. అది ఇంకా మండింది.

ఆ పైన రష్యా ఆయన దేశానికి తిరిగి వెళ్లిపోతూ ఇంజిను ఎవరికైనా ఇచ్చేస్తానన్నాడు. మూడేళ్లు పక్కన నిలబడ్డవాణ్ని నేను. ఆయన అడిగిందల్లా "పడవ ఎవరి దగ్గర ఉంది?" అని. ఇంజిను కూడా మా తోడల్లుడికే పోయింది. ఇచ్చేముందు ఆయన ఒక సంగతి నాకు మాత్రం చెప్పాడు, పని తెలిసినవాణ్ని కదా. నీళ్లలో తిరిగే పంకాకీ దాన్ని తిప్పే కడ్డీకీ మధ్య అగ్గిపుల్లంత ఇత్తడి పిన్ను ఉంటుంది. జేబులోంచి పెన్సిలు తీసి, టక్కున విరిచి, "ఇది విరగాలి" అన్నాడు. పంకా దేనికైనా తగిలితే పిన్ను విరిగిపోయి లోపలి పళ్ల చక్రాలను కాపాడుతుంది. కొత్త పిన్ను వేసుకుంటే సరి.

మరోదా ట్యాంకు అడుగున మునిగిపోయిన తుమ్మ మొద్దులు బోలెడు. మొదటి రెండు ఆదివారాలూ ఒడ్డు దాటకముందే పిన్నులు విరిగాయి. మావయ్య రెండుసార్లూ ఎక్కకుండానే తిరిగొచ్చాడు. మా తోడల్లుడు విరిగిన ముక్కలు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"ఇత్తడేటి అన్నయ్యా! ఉక్కు ఊర్లో ఉండి ఇత్తడి మేకు ఎట్టుకుంతారేటి? మన ఉక్కుతో గట్టిది ఒకటి చేసీ. జన్మలో ఇరగకూడదు."

అతని తప్పేమీ లేదు. ఆ ఊళ్లో మేమందరం అలాగే మాట్లాడేవాళ్లం. ఏది విరిగినా ఉక్కుతో చేస్తే సరిపోతుందనుకునేవాళ్లం. అతనికి చెప్పాల్సింది ఒక్క ముక్క, విరగడమే దాని పని అని. నోటిదాకా వచ్చింది. అప్పుడతను, "ఈ ఆదివారం మావయ్యని నడిమధ్యకి తీసుకెల్లిపోతాను, సూడు" అన్నాడు.

చెప్పలేదు.

మేలైన ఉక్కు కడ్డీ తీసి లేతు మీద సన్నగా చెక్కాను. ఎర్రగా కాల్చి నూనెలో ముంచాను. ఆకురాయి పెడితే జారిపోయేంత గట్టిగా వచ్చింది. అంత శ్రద్ధగా చేసిన పని నా ఉద్యోగంలో ఇంకొకటి లేదని సిగ్గుపడుతూ చెబుతున్నాను.

ఆదివారం పొద్దున్నే ఒక కాంట్రాక్టరు ట్రాక్టరు ట్రాలీని లాగింది. మా తోడల్లుడు నన్నూ పడవ ఎక్కమన్నాడు. నేను ఒడ్డునే ఉంటానన్నాను. ఇంజిను మోతతో పడవ దూసుకుపోయింది. మావయ్య గదిలోంచి బయటికొచ్చి, రెండు కాళ్లూ ఎడంగా పెట్టి, ఏమీ పట్టుకోకుండా నిలబడ్డాడు. మా ఆవిడా మరదలూ చప్పట్లు కొట్టారు. ఆ ముసలాయన అంత సూటిగా నిలబడటం నేనెప్పుడూ చూడలేదు, అదీ నా పడవలో కాదు. ఆగిపోవాలి, ఇప్పుడే ఆగిపోవాలి అని పళ్లు కొరుక్కున్నాను.

ఆగింది. లోపల ఏదో పటపటా విరిగిన చప్పుడు ఒడ్డుదాకా వినిపించింది. ఇంజిను కాసేపు వట్టినే అరిచి ఊరుకుంది. అప్పుడే గాలి లేచింది. గది గాలి పట్టి పడవను పక్కకు తోసుకుపోతోంది. పడవలో తెడ్డు లేదు, ఇంజిను ఉండగా తెడ్డెందుకనుకున్నాడు మా తోడల్లుడు. మావయ్య పడవ లోపల అడుగున పరిచిన చెక్క ఒకటి ఊడదీసి, మోకాళ్ల మీద కూర్చుని, ఎదురు గాలిలో తోసుకుంటూ వచ్చాడు. దగ్గర దగ్గర గంట పట్టింది. ఒడ్డు చేరేసరికి ఆయన అరచేతిలో చెక్క చీరుకుని రక్తం. నేను నీళ్లలోకి దిగి పడవ పట్టుకున్నాను. ఆయన ముఖం చూడలేకపోయాను.

ఇంజిను విప్పితే పళ్ల చక్రాలు పొడిపొడి. పిన్ను మీద గీత కూడా లేదు. మా తోడల్లుడు దాన్ని మావయ్య చేతిలో పెట్టి, "సూసినావా మావయ్యా, ఇంజిను పోనాది గానీ మా అన్నయ్య పిన్ను పోలేదు" అని మురిసిపోయాడు. మావయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తిరిగి ఇచ్చేశాడు.

ఆ చక్రాలు ఈ దేశంలో ఎక్కడా దొరకలేదు. నెల తిరగకుండానే మా తోడల్లుడు పడవను మా ఇంటికి తోలించాడు. "నాకు తెడ్డు రాదు అన్నయ్యా. బొమ్మ నీది, పడవా నీదే. మావయ్యని తిప్పు" అన్నాడు. నేను మొదట చేసిన పని ఆ గది పీకెయ్యడం. రెండు తెడ్లు చేయించాను. ఆ వచ్చిన ఆదివారం మావయ్యను కూర్చోబెట్టుకుని ట్యాంకు మధ్యకు తీసుకెళ్లాను. మోత లేదు, మూడోమనిషి లేడు. రెండేళ్లుగా నేను కోరుకున్నది అదే.

మావయ్య నీళ్లలో చెయ్యి పెట్టి అన్నాడు. "అల్లుడూ, ఆ మేకు ఇరగడానికే ఎడతారు గదా?"

నా చేతిలో తెడ్డు ఆగిపోయింది.

"మా పడవ మీద తెడ్డు కట్టడానికి పాత తాడే కట్టేవోలం. కెరటం కొడితే తాడు తెగిపోవాల, తెడ్డు మిగలాల. కొత్త తాడు కడితే తెడ్డే ఇరిగిపోద్ది. ఇంజినీకీ అంతేననుకున్నాను. నీకు తెల్దేటి?"

తెలియదని అనొచ్చు. ఆయన నమ్మేవాడు కూడా. "తెలుసు మావయ్యా" అన్నాను.

ఆయన నీళ్లలోంచి చెయ్యి తీసి పంచెకు తుడుచుకున్నాడు. "ఒడ్డుకి పోనీ" అన్నాడు.

ఆ నెల మా వంతులో ఇంకా మూడు వారాలు ఉన్నాయి. మర్నాడే ఆయన తన పెట్టె సర్దుకుని చిన్నకూతురి ఇంటికి వెళ్లిపోయాడు. మా ఆవిడ ఎంత అడిగినా కారణం చెప్పలేదు. ఇప్పుడు చెబుతాడేమో, అక్కడికెళ్లి చెబుతాడేమో అని నేను ప్రతిరోజూ భయపడుతూనే ఉన్నాను. వారం తర్వాత మా తోడల్లుడు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"పడవ నువ్వే తీసుకెళ్లు. మావయ్య నీ దగ్గరే ఉన్నాడు కదా" అన్నాను, అతను నోరు తెరవకముందే.

"ఒద్దన్నయ్యా. ఇంక నీల మీదికి రానంతన్నాడు. ఎంత బతిమాలినా రాడు. పెద్దల్లుడు ఓపాలి తిప్పినాడు, ఆశ తీరిపోనాది, సాలు అంతన్నాడు." అతను చెప్పు కాలితో గడప గీస్తూ తల దించుకున్నాడు. "అంత ఖర్సెట్టి పడవ కట్టించినాను. నన్ను ఒక్కపాలీ అంత మాట అన్లేదు. అదృష్టవంతుడివి అన్నయ్యా."

తలెత్తినప్పుడు చూశాను. అతని కళ్లలో అసూయ ఉంది. నన్ను చూసి అతను అసూయపడటం అదే మొదటిసారి.