పసరుకు ముందు చీటీ

నాన్నగారికి క్షయ అని తేలాక కొత్తపేట డాక్టరుగారు బిళ్ళలు రాసి, ఒక్కరోజు కూడా మానకూడదన్నారు. నాన్నగారు బడిపంతులుగా చేసి విరమించిన మనిషి. చెప్పింది చెప్పినట్టు చేసేవారు. నెలనెలా బిళ్ళలు తెచ్చేది నేను.

మూడో నెలలో ఆయన కళ్ళు పచ్చబడ్డాయి. కామెర్లకు మా వైపు డాక్టరు దగ్గరికి ఎవరూ వెళ్ళరు. పలివెల దారిలో ఒక పెద్దాయన పరగడుపున పసరు పోసేవారు. తాగినన్నాళ్ళూ ఉప్పు, నూనె, ఇంగ్లీషు మందు ముట్టకూడదు.

"ఇంగ్లీషు మందులేవీ లేవు కదండీ?" అని ఆయన అడిగారు.

"లేవండి" అన్నారు నాన్నగారు. ఉన్నాయంటే పసరు పొయ్యరు. ఇంటికొచ్చి, ఉప్పులేని అన్నం తిని, బిళ్ళ వేసుకున్నారు. ఇద్దరి మాటా నిలబెడుతున్నాననుకున్నారు.

ఆ నెల బిళ్ళలకు వెళ్తే డాక్టరుగారు, "మేష్టారు ఎలా ఉన్నారమ్మా? నాటుమందుల జోలికి వెళ్ళలేదు కదా?" అన్నారు.

తిడతారని భయపడి, "ఆయ్, బాగానే ఉన్నారండి" అన్నాను. కామెర్ల మాట ఎత్తలేదు.

పది రోజులకు నాన్నగారికి తెలివి తప్పింది. డాక్టరుగారు వచ్చి కళ్ళు చూసి బిళ్ళలు ఆపించారు. ఆ బిళ్ళల వల్లే కొందరికి కామెర్లు వస్తాయని అప్పుడు విన్నాను. మర్నాడు నాన్నగారు పోయారు.

సమాధి దగ్గరి నుంచి వచ్చాక డాక్టరుగారికి పసరు సంగతి చెప్పాను. నన్ను తిట్టలేదు. ఆ వారంలోనే నన్ను వెంటబెట్టుకుని పెద్దాయన ఇంటికి వెళ్ళారు.

పెద్దాయన రోలు కడుగుతున్నారు. "మానిపించడానికి వచ్చేరాండీ?" అన్నారు.

"మీరు మానినా ఊరు మానదు కదండీ" అని డాక్టరుగారు, నాన్నగారు బిళ్ళల మాట దాచిన సంగతి చెప్పారు. "వచ్చినవాళ్ళని మందులున్నాయా అని అడక్కండి. ఇంట్లో ఉన్నవన్నీ తెచ్చి చూపించమనండి. ఉంటే నా దగ్గరికి పంపండి. నా చీటీ చూసేకే పసరు."

"అలాగేనండి. మరి మీరు కూడా, పసరు తాగేవా అని గుడ్లురమకండి. ఎన్నిరోజులు తాగేరని అడగండి. చెప్తారు."

"నాకే పాఠం చెప్తున్నారే."

"మీ పాఠం నేను విన్నాను కదండీ."

కొన్నేళ్ళకు అమ్మకు కామెర్లు వచ్చాయి. పెద్దాయన గిన్నె పక్కన పెట్టి, "మందులపెట్టె ఏదండీ?" అన్నారు. తీసుకెళ్ళిన రేకుపెట్టె ముందుంచాను. అమ్మ బీపీ మందుల అడుగున ఒక పొట్లం ఉంది.

"ఇవెవరివండీ?"

"నాన్నగారివండి."

ఆ పొట్లం మడిచి నా చేతికిచ్చి, మమ్మల్ని కొత్తపేట పంపారు.

"పసరు ఎన్నిరోజులు తాగేరండీ?" అన్నారు డాక్టరుగారు.

"ఇంకా లేదండి. మీ చీటీ లేందే పొయ్యనన్నారు" అంది అమ్మ.

డాక్టరుగారు నా వైపు ఒకసారి చూసి, అమ్మకు రక్తపరీక్ష రాశారు.