ఇచ్చిన మొక్కల్ని పెరకడానికి వచ్చిన అవ్వ

మంగళవారం పొద్దున పాల డెయిరీ దగ్గర క్యాన్లు పట్టుకుని నిలబడి ఉన్నాం. మా పక్కింటి అవ్వ నిద్రలోనే పోయిందని నేనే చెప్పాను. కాసేపటికి వరసలో వెనకనుంచి ఒకాయన, "మన మరగెణుసులన్నీ పెరికించిన అవ్వనా?" అని అడిగాడు. అవునన్నాను. ఊరు ఆమెను అలా గుర్తుపెట్టుకోవడం నాకు నచ్చలేదు. కానీ అబద్ధం కాదు.

మరగెణుసు అంటే కర్రపెండలమే. మా చింతామణి దిక్కున అందరం టమాటా వేసేవాళ్లమే, దీన్నెవరం పంటగా లెక్కచెయ్యం. పెరట్లో నాలుగు మొక్కలుంటాయంతే. మా ఊళ్లో ఆ నాలుగూ అవ్వ చలవే. కాపురానికి వచ్చేటప్పుడు వాళ్లమ్మ పెరటినుంచి తెచ్చుకున్న కాడలతో మొదలుపెట్టింది. ఇంటికొచ్చినవాళ్లను ఉట్టి చేతులతో పంపేది కాదు. కాడల్ని ముక్కలుగా కోసి, తడిగుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టేది. బాగేపల్లికి కాపురానికి వెళ్తున్న మా అక్క సూట్‌కేసులో, పట్టుచీరల మీదే ఆ తడిమూట పెట్టి మా అమ్మతో మాటలు పడింది. "ఉప్పేసి ఉడకబెట్టుకుంటే ఒక పూట గడిచిపోతాదమ్మా" అంది, ఏమీ ఎరగనట్టు.

కొన్నేళ్ల కిందట ఆకుల మీద పసుపు మచ్చలొచ్చాయి, ఆకులు ముడుచుకుపోయాయి. సత్తువ లేకనుకుని అందరం యూరియా వేశాం. టమాటాకు కొట్టగా మిగిలిన మందు నేను వాటికీ కొట్టాను. తవ్వి చూస్తే గడ్డ వేలంత లావు కూడా లేదు. వ్యవసాయ శాఖవాళ్ల రైత సంపర్క కేంద్రం నుంచి వచ్చిన అమ్మాయి, ఇది వైరస్ అని, దీనికి మందు లేదని చెప్పింది. తెల్లదోమ మోస్తుందట, తెగులున్న మొక్కనుంచి కోసిన కాడతోనూ పోతుందట. పెరికి కాల్చేయమంది.

అవ్వ ఒక్కమాటే అడిగింది. "నేనిచ్చిన కాడలోనే ఉండాదా అది?"

ఉండొచ్చని చెప్పింది ఆ అమ్మాయి.

ఆ మధ్యాహ్నమే అవ్వ తన పెరడంతా పెరికి కాల్చేసింది. మర్నాటినుంచి ఇల్లిల్లూ తిరిగింది. తిట్టినవాళ్లున్నారు. ఆమె వాదించేది కాదు. ఒక మొక్క తవ్వి గడ్డ చూపించేది, ఒప్పుకుంటే కొంగు దోపుకుని మిగతావి తనే పెరికేది.

సోమేనహళ్లిలో ఉన్న ఆమె చెల్లెలి ఇంటికి నా బండి మీదే తీసుకెళ్లాను. అక్కడ కొన్ని మొక్కలకే మచ్చలున్నాయి. చెల్లెలు అడ్డం నిలబడింది.

"అమ్మ పెరటి గెణుసు ఇది. నువ్వే ఇచ్చి నువ్వే పెరుకుతావా అక్కా?"

"నేనిచ్చినాను గాబట్టే వచ్చినాను."

చెల్లెలు ఒప్పుకోలేదు. మంచినీళ్లు కూడా తాగకుండా తిరిగొచ్చాం. దారంతా అవ్వ రెండు చేతులతో నా భుజాలు పట్టుకునే కూర్చుంది. ఆ తర్వాత అక్కాచెల్లెళ్లకు మాటల్లేవు.

పోయిన సంవత్సరం ఆ కేంద్రం అమ్మాయి తెగులు లేని కాడలు తెప్పించి ఇచ్చింది. అవ్వ వాటిని ఇంటి వెనక వేసి, రోజూ పొద్దున్నే ఒక్కో ఆకూ తిప్పి చూసుకునేది. నేను రెండు కాడలు అడిగితే ఇవ్వలేదు. పిసినారివైపోయినావవ్వా అన్నాను. నవ్వింది. "ఈ పంట చూడనీప్పా. బాగుంటే ముందు నా చెల్లెలికి. ఆమె వద్దంటే నీకు."

పంట బాగుంది. ఒక్క మచ్చ లేదు. కాడలు కోసే అదనుకే ఆమె పోయింది.

దినాల రోజు భోజనాలయ్యాక చెల్లెలు ఇంటి వెనక్కి వెళ్లి, ఆ మొక్కల ముందు నిలబడింది. అవ్వ అన్న మాట నేను చెప్పాను. ఆమె చాలాసేపు ఏడ్చింది.

"పోయిన ఏడే నేనూ అన్నీ పెరికేసినానప్పా. ఆ చోట ఇంగేమీ పెట్టలేదు. ఎప్పుడన్నా అక్కే తెస్తాదని అట్లే వదిలినా."

అవ్వ కొడుకు కొడవలి తెచ్చిచ్చాడు. ఏ మొక్క కోయాలో ఆమే చూపించింది, ముందు ఆకులన్నీ తిప్పి చూసి. ముక్కలు తడిగుడ్డలో చుట్టాం.

సాయంత్రం ఆమెను బండి మీద సోమేనహళ్లికి తీసుకెళ్లాను. దారిలో గుంతలున్నాయి, నా భుజం పట్టుకో చిన్నవ్వా అని చెప్తూనే ఉన్నాను. ఇల్లు చేరేదాకా ఆమె రెండు చేతులూ ఒళ్లో మూట మీదే ఉన్నాయి.