స్టేషన్ మాస్టారికి చెప్పని కబురు

పై అంతస్తు స్టేషన్ మాస్టారు పోయారని పోయిన గురువారం మధ్యాహ్నం మా బిల్డింగ్ నాతూర్ చెప్పాడు. కాపలాదారుని ఇక్కడ అలాగే అంటారు. నేను డ్యూటీ నుంచి వచ్చి కారు దిగుతున్నాను. స్టోర్‌లో కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే ఒరిగిపోయారట. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆయన మీదో నా మీదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

దోహాలో ఆయన స్టేషన్ మాస్టారేమీ కాదు. అసలు ఇక్కడ రైలే లేదు. ఒక బిల్డింగ్ కంపెనీలో స్టోర్‌కీపరు. రైల్వేలో ముందుగానే రిటైరై వచ్చిన మనిషి కాబట్టి మా పేట ఫరీజ్ బిన్ మహమూద్‌లో తెలుగువాళ్ళందరికీ ఆ పేరే అలవాటైంది. సంసారం నంద్యాలలో. సెలవురోజైన శుక్రవారం పొద్దున్నే తలంటుకుని, తడి జుట్టుతోనే మా ఇంటికి కాఫీకి దిగేవారు. తాగిన గ్లాసు తనే కడిగి బోర్లించేవారు. మా ఆవిడ ఎన్నిసార్లు వద్దన్నా వినలేదు. చేతి గడియారం మాత్రం ఎప్పుడూ ఇండియా టైములోనే ఉండేది.

ఆయన ఆఖరున పనిచేసిన స్టేషన్ నల్లమల అడవిలో, నంద్యాల నుంచి గిద్దలూరు వెళ్ళే దారిలో ఉంది. తెల్లదొరల కాలపు రాతి కట్టడం. బొగ్గు ఇంజను అక్కడ నీళ్ళు పట్టుకునేంతసేపు రైలంతా దిగి కొండల్ని చూస్తూ నిలబడుతుందని చెప్పేవారు. ఆ స్టేషన్ చూడాలన్న పిచ్చి నాకు పట్టించింది ఆయనే. పోనీ ఒక్కణ్ణే వెళ్ళొస్తానంటే ఒప్పుకునేవారు కాదు. తాను పక్కనుండి చూపించాలి. అదీ వానాకాలంలో.

మాకేమో సెలవులు కలిసేవి కావు. ఆయన కంపెనీ రెండేళ్ళకోసారి పంపుతుంది. ఇద్దరికీ కుదిరిన ఏడు కువైట్ యుద్ధమొచ్చి అన్నీ ఆగిపోయాయి. ఇంకోసారి, దేశం దాటాలంటే కావాల్సిన ఎగ్జిట్ పర్మిట్ మీద సంతకం పెట్టాల్సిన కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, దేశంలోనే లేడు. ఏమైంది మాస్టారూ అని అడిగితే, "సిగ్నల్ పడలేదు నాయనా" అని నవ్వేసేవారు. నాకు నవ్వొచ్చేది కాదు.

ఈ ఏడు అన్నీ కుదిరాయి. మీటరుగేజి పట్టాలు పీకేస్తున్నారని, ఇక ఆ స్టేషన్ ఉండదని కూడా తెలిసింది. టికెట్లు కొన్నాం. బయల్దేరడానికి మూడు రోజుల ముందు ఆయన తన టికెట్ వెనక్కి ఇచ్చేశారు. కొత్త స్టోర్‌కీపర్ ఇంకా రాలేదు, సరుకంతా లెక్కచూసి అప్పగించకుండా కదలరట. తాళాలిచ్చి వెళ్ళమని మేనేజరే చెప్పాడు. మేకులు, బోల్టులు ఎవరెత్తుకుపోతారని మెట్ల మీదే గొడవపడ్డాను.

"ఛార్జి ఇయ్యకుండా కుర్చీ దిగేది నాకు చేతగాదు నాయనా," అన్నారు. రెండు మెట్లెక్కి వెనక్కి తిరిగి, "నువ్వు పోయి రా. చూసినవన్నీ వొచ్చి నాకు చెప్పు," అన్నారు.

ఇన్నేళ్ళూ వద్దని ఆపిన మనిషి అంత తేలిగ్గా పొమ్మనడం నన్ను ఇంకా మండించింది.

వెళ్ళాను. కిటికీలోంచి తల బయటపెడితే కళ్ళనిండా బొగ్గునుసి. బండి మలుపు తిరిగినప్పుడల్లా ముందు పెట్టెలూ, ఇంజనూ కనబడ్డాయి. స్టేషన్‌లో దిగేసరికి చినుకులు. ఇంజను నీళ్ళు పట్టుకుంటోంది, జనం దిగి మొహాలు కడుక్కుంటున్నారు, ఎదురుగా కొండ మీద మబ్బు దిగి ఉంది. అంతా ఆయన చెప్పినట్టే ఉంది. అంత బాగున్నందుకే ఒళ్ళు మండింది. పక్కన ఆయన లేరు.

నేను దోహాలో మాస్టారి దగ్గర్నుంచి వచ్చానని తెలిసి, అక్కడ పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ పరుగున వచ్చాడు. జుట్టంతా నెరిసిపోయిన మనిషి. మాస్టారి కింద పదేళ్ళు చేశాడట. ప్లాట్‌ఫాం మీద వేలాడుతున్న పట్టాముక్కను చూపించాడు. బండి బయల్దేరే ముందు దాని మీద సుత్తితో కొడితే అదే గంట.

"దసరా అయినాక ఆఖరి బండంట సార్. ఆ పొద్దు గంట మా సారే కొట్టాల. ఇంగెవురినీ కొట్టనీను. దుబాయిలో ఆయప్పకు ఈ మాట చెప్పండి," అన్నాడు.

అతనికి గల్ఫంతా దుబాయే. చెబుతానన్నాను.

తిరిగొచ్చిన రోజే మాస్టారు కిందికి దిగారు. శుక్రవారం కూడా కాదు. కుర్చీ అంచున కూర్చుని, "చెప్పు నాయనా, ఎట్లుంది?" అన్నారు. నేను సూట్‌కేస్ సర్దుకుంటూ, "ఏముంది మాస్టారూ, స్టేషన్ స్టేషన్‌లాగే ఉంది," అన్నాను. ఆయన కాఫీ తాగి, గ్లాసు కడిగి వెళ్ళిపోయారు. కాస్త బతిమాలించుకుని వచ్చే శుక్రవారం చెబుదామనుకున్నాను. ఆ శుక్రవారం ఓవర్‌టైం పడింది. తర్వాతి శుక్రవారం ఆయన దిగలేదు, నేనూ పైకి ఎక్కలేదు. నలభై దాటిన మనిషికి ఏం అలక అది. ఆ గంట మాట ఒక్కటి చెప్పి ఉంటే రెక్కలు కట్టుకుని వెళ్ళేవారు. ఆ వారమే కొత్త స్టోర్‌కీపర్ వచ్చాడని, ఆయన ఛార్జి అప్పగించేసి కూడా ఊరికే స్టోర్‌లోనే కూర్చునేవారని నాకు ఆయన పోయాక తెలిసింది.

ఆయన్ని ఇంటికి పంపడానికి కూడా కాగితాలు, సంతకాలు, స్టాంపులు. వారం నుంచి ఆ ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాను. ప్రతిచోటా "బుక్రా" అంటారు, రేపు రమ్మని. నాకు నోరెత్తే హక్కు లేదు. నేనూ ఆయనకు చేసింది అదే.

పాయింట్స్‌మన్‌కు ఉత్తరం రాయాలి. రెండుసార్లు మొదలుపెట్టి చించేశాను. ఆ అడవిలోకి ఉత్తరం ఎప్పటికి చేరుతుందో, దసరాలోగా చేరుతుందో లేదో తెలియదు. చేరకపోతే, ఆఖరి బండి వచ్చి ఆగుతుంది. ఇంజను నీళ్ళు పట్టుకోవడం అయిపోతుంది. జనం పెట్టెల్లోకి ఎక్కేస్తారు, గార్డు తొందరపెడతాడు. ఆ నెరిసిన జుట్టు మనిషి సుత్తి పట్టుకుని, ఒక్కో పెట్టె తలుపులోకీ తొంగి చూస్తూ ప్లాట్‌ఫాం చివరిదాకా నడుస్తాడు.