ఓడ తలుపుకు నిమ్మకాయలు

ఆ రోజుల్లో విజయవాడ ఆటోనగర్‌లో ఏ లారీ అయినా షెడ్డు దాటాలంటే దానికి నిమ్మకాయలు, పచ్చిమిరపకాయలు కట్టాల్సిందే. బ్రేకులు చూడటం మరిచినా క్షమించేవారేమో గాని, ఇది మరిస్తే మాత్రం ఊరుకునేవారు కాదు. డిప్లొమా పట్టుకుని లారీ బాడీల షెడ్డులో కొత్తగా చేరిన నాకు (తెలిసింది తక్కువ, హడావిడి ఎక్కువ) ముందుగా వంటబట్టిన విద్య అదే.

జీవితమంతా లారీలకే తలుపులు చేసిన మా సాయిబు మేస్త్రి గారికి, బందరు రేవులోని ఓ చిన్న ఓడకు నీళ్లు చొరబడని తలుపు చేసే పని దొరికింది. ఓడకు ఒకచోట చిల్లు పడితే ఆ నీళ్లు పక్క గదిలోకి పోకుండా ఆపే ఇనుప తలుపు అది. చుట్టూ రబ్బరు పట్టీ, బిగించడానికి ఆరు పిడులు. నెల రోజులు ఆయన దాన్ని పసిబిడ్డలా సాకారు. పరీక్షలో నెగ్గితే ఇంకా ఓడల పనులు వస్తాయి. లేకపోతే “లారీలవాడికి ఓడలెందుకు?” అంటారు. నా కొత్త ఉద్యోగం కూడా దానిమీదే ఆధారపడి ఉంది.

తలుపు ఓడలో బిగించాక, దాన్ని పరీక్షించి సంతకం పెట్టాల్సిన సర్వేయరు గారు వచ్చేలోపల నేను గబగబా నిమ్మకాయలు కట్టేశాను. కాయలు అవతలి వైపు, ముడి మాత్రం ఇవతలి వైపు (నీళ్ల జోరుకు ఊడిపోకూడదని నా తెలివి!). తలుపు మూసి పిడులు బిగించిందీ నేనే. అవతల గొట్టంతో నీళ్లు కొట్టారు. ఇవతల మేం ముగ్గురం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. పైనుంచి ఒక చుక్క రాలింది. తర్వాత ఇంకొకటి, సరిగ్గా సర్వేయరు గారి బూటు మీద.

“చుక్క కారినా నేను సంతకం పెట్టనండీ,” అన్నారాయన.

మేస్త్రి గారి మొహం పాలిపోయింది. “రబ్బరు నా చేత్తో అతికించానండీ, కారే ప్రసక్తే లేదు,” అంటూ తలుపు తెరిపించారు. రబ్బరుకీ చట్రానికీ మధ్య నానిన దారం, దాని కొసన రెండు నిమ్మకాయలు.

“ఎవరండీ ఇది కట్టింది?” అన్నారు సర్వేయరు గారు.



“నేనేనండీ,” అన్నారు మేస్త్రి గారు.

సర్వేయరు గారు ఆయన టోపీనీ, గడ్డాన్నీ, నిమ్మకాయలనూ మార్చి మార్చి చూశారు. తర్వాత నన్ను చూశారు. నేను తలుపు పిడులను మహా శ్రద్ధగా పరిశీలిస్తున్నాను. “సరే, తీసేసి మళ్లీ కొట్టించండి,” అన్నారు నవ్వాపుకుంటూ.

ఈసారి ఒక్క చుక్క రాలేదు. సంతకం పడింది. నాకు ప్రాణం లేచొచ్చింది. తిరుగు బస్సులో మేస్త్రి గారు ఒక్క మాటే అన్నారు. “కట్టుకో బాబూ, తప్పేం లేదు. రబ్బరు దగ్గర మాత్రం వద్దు.”

ఇన్నేళ్ల తర్వాత కూడా అది తలుచుకుంటే నవ్వొస్తుంది. వెంటనే కాస్త సిగ్గూ వేస్తుంది. ఆయన అంత తేలిగ్గా అనేసిన “నేనేనండీ” అన్న మాటను, నా తప్పులకు నేను అనడం నేర్చుకోవడానికి నాకు మరో పదేళ్లు పట్టింది.