అజీజున్నీసా ఎడమ పక్క

యాకుత్‌పురాల అజీజున్నీసా ఎవరి మాటా కాదనే మనిషి కాదు. మతిమరుపొచ్చి కూతురి పేరు పోయింది, నమాజు వేళలు పోయినయి, మర్యాద మాత్రం పోలేదు. చిక్కంతా దాంతోనే వచ్చింది.

కొంతకాలంగా ఆమె పళ్లెంల సగం అన్నం వదిలేస్తుంది. తలుపుచెక్కకు భుజం కొట్టుకుంటుంది. ఒకసారి గది దాటి వంటింట్లకి వస్తూ పొయ్యి మీద మరుగుతున్న చాయ్ గిన్నె మీద చెయ్యి వేసింది. కొడుకు జుల్ఫికర్ భయపడి ఆ గదికి బయట గొళ్ళెం పెట్టించిండు.

ఇంట్లనే ఉండి తల్లిని చూసుకునే కూతురు ఫరీహాకు అది మింగుడు పడలేదు. కళ్లు చూపిద్దామని దవాఖానల చుట్టూ తిప్పింది. ఏ డాక్టరు దగ్గరైనా అదే కథ. కనిపిస్తుందా అమ్మా అంటే అవునని "జీ." ఈ అద్దం బాగుందా, ఆ అద్దం బాగుందా అంటే "జీ, జీ." అంత పెద్ద డాక్టరుకు ఎదురుగా లేదని చెప్పడం ఆమె లెక్కల బేఅదబీ, మర్యాద తప్పడం. చూపు బాగనే ఉంది, మతి సంగతి చూసుకోండని పంపేసిండ్రు. మతి లేదంటూనే ఆమె జవాబు నమ్ముతరా అని ఫరీహా పక్కింట్ల ఉండే నా దగ్గర మస్తు మొత్తుకుంది.

చివరికి ఒకచోట ఏమీ అడగని పరీక్ష ఉందని తెలిసింది. తెర మీద చుక్క ఒకసారి ఇటు, ఒకసారి అటు వెలుగుతది. కంటిపాప అటు మళ్లిందా లేదా, కెమెరా పట్టుకుంటది. అజీజున్నీసా ఆ తెరకు కూడా జీ అంటనే ఉంది. చుక్క కుడివైపు వెలిగితే కళ్లు టక్కున పోయినయి. ఎడమవైపు వెలిగితే ఉన్నకాడనే ఉన్నయి. మళ్ల పెట్టిండ్రు. మళ్ల గంతే.

మెదడుకు ఎప్పుడో రక్తం అందక, రెండు కళ్లకూ ఎడమ పక్క చూపు పోయిందన్నరు. తిరిగి రాదట. మతిమరుపూ నిజమేనట.

"చూపు రానప్పుడు ఏం ఫాయిదా?" అన్నడు జుల్ఫికర్.

"అమ్మీకి కనబడని దిక్కే మనం పొయ్యి పెట్టినం భాయ్. జరపాల్సింది పొయ్యిని. నువ్వు గొళ్ళెం అమ్మీకి పెట్టినవ్."

ఇంట్ల లొల్లి చాన్నాళ్లు నడిచింది. పొయ్యిని కుడిగోడకు మార్చిండ్రు. జుల్ఫికర్ మాత్రం ఇప్పటికీ పనికి పోయేముందు గొళ్ళెం వేసే పోతడు. బండి గల్లీ మలుపు తిరిగిందాకా ఆగి ఫరీహా తీస్తది.